హాజరు కాలేదు

2022 మే 23, సోమవారం సాయంత్రం పదకొండు మందికి ఒకే వేగు పంపాను. రాజమండ్రి దానవాయిపేటలో, మా ఇంటి మేడమీది గదిలో కూర్చుని హైదరాబాదులోని ఒక చిన్న సంస్థకు పనిచేస్తున్న రోజులవి. (2015 నుండి మా ఊరి పేరు రాజమహేంద్రవరం. ఏం చేస్తాం, నోరు ఇంకా తిరగడం లేదు.) 2020 మార్చిలో లాక్‌డౌనుతో ఇల్లు చేరిన ఉద్యోగం మళ్ళీ గడప దాటలేదు. మనుషులను ఎంపిక చేయడం నా అసలు పని కాదు. అయితే చిన్న సంస్థలలో ఎవరికి కాస్త తీరిక ఉన్నట్టు కనిపిస్తే ఆ పని వారి నెత్తిన పడుతుంది. ఖాతాల సాఫ్ట్‌వేరు వాడే దుకాణదారులకు ఫోనులో సాయం చెప్పడానికి ఇద్దరు కావాలి. పదకొండు దరఖాస్తులు మిగిలాయి. గురు, శుక్రవారాలలో వీడియోలో మాట్లాడి తేల్చాలి.

పాత నమూనా ఒకటి దొరికితే దానికే తేదీలు మార్చాను. ఆంగ్లంలో ఆరేడు వాక్యాలు, ఒక లంకె. నెట్టు నిలకడగా ఉండేట్టు చూసుకోవాలి, చప్పుడు లేని గదిలో కూర్చోవాలి, వెనుక గోడ శుభ్రంగా ఉండాలి, కెమెరా ఆపరాదు. చివరగా, పది నిమిషాలలో చేరనివారికి ఉద్యోగం మీద ఆసక్తి లేనట్టే భావిస్తామన్న హెచ్చరిక. ఆ హెచ్చరిక నేనే చేర్చాను. అది చేర్చాక ఉత్తరానికి ఒక నిండుదనం వచ్చిందని సంతోషించాను కూడా. వేగు వెళ్ళింది సంస్థవారి ‘జవాబు పంపవద్దు’ చిరునామా నుండి. అందులో ఫోను నంబరు లేదు, నా పేరూ లేదు.

ఆ పదకొండు మందిలో ఒకబ్బాయిది కాట్రేనికోన మండలం. దరఖాస్తులో తూర్పు గోదావరి జిల్లా అని ఉంది. ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడి ఆ మండలం కోనసీమ జిల్లాలోకి వెళ్ళి అప్పటికి ఏడు వారాలే. దరఖాస్తులు అంత తొందరగా జిల్లాలు మారవు కదా. చదివిన నేనూ మా జిల్లావాడే అనుకుని ముందుకు పోయాను.

మరునాడు, మే 24న అమలాపురంలో ఏం జరిగిందో మీకందరికీ తెలుసు. కొత్త జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదనను వ్యతిరేకిస్తూ మొదలైన ఆందోళన చేయి దాటి, ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుని ఇల్లు తగలబడ్డాయి. ఆ వెంటనే కోనసీమలో మొబైలు ఇంటర్నెట్టు ఆపేశారు. అది పూర్తిగా తిరిగి రావడానికి సుమారు రెండు వారాలు పట్టింది. ఇళ్ళనుండి పనిచేస్తున్న సాఫ్ట్‌వేరు పిల్లలు ల్యాప్‌టాపులు పట్టుకుని సిగ్నలు కోసం గోదావరి గట్ల మీదికి చేరిన ఫోటోలు పత్రికలలో వచ్చాయి. ఏటికి అవతల యానాం, పుదుచ్చేరి ప్రాంతం. అక్కడ ఆ ఆంక్ష లేదు. ఒక గట్టున నెట్టు లేదు, ఎదురు గట్టున ఉంది.

ఇంటర్నెట్టు మీద వృత్తి, వ్యాపారం చేసుకునే హక్కుకు రాజ్యాంగ రక్షణ ఉందని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న, కశ్మీరు విషయమై అనూరాధా భసీన్ వేసిన వ్యాజ్యంలో చెప్పింది. నెట్టును నిరవధికంగా ఆపరాదనీ అన్నది. ఆ ఏడాది నవంబరులో నిబంధనలను సవరించి, ఒక ఉత్తర్వు పదిహేను రోజులకు మించి చెల్లదన్నారు. పదిహేను రోజులంటే కాగితం మీద చిన్న గడువే. ఉద్యోగం వెతుక్కునేవాడికి అందులో నాలుగు ఇంటర్వ్యూలు గడిచిపోతాయి.

నా సంగతికి వస్తాను. గురువారం పొద్దున్నే కాఫీ తాగుతూ ఈ వార్తలన్నీ చదివాను. రెండోసారి చదివి మా ఆవిడకు వినిపించాను కూడా. పదకొండు గంటలకు మేడెక్కి లంకె తెరిచాను. ఎవరూ రాలేదు. పది నిమిషాలు చూసి, ఆ అబ్బాయి పేరు ఎదుట ‘హాజరు కాలేదు’ అని రాసి, గది మూసి, తరువాతివారి లంకె తెరిచాను. ఆ పత్రికలోని ఊళ్ళకూ నా పట్టికలోని పేరుకూ సంబంధం ఉండవచ్చన్న ఆలోచన నాకు లేశమైనా తట్టలేదు. దీనికి సాకు వెతికాను, దొరకలేదు.

సోమవారం, మే 30న, సంస్థ వెబ్‌సైటులో ఎక్కడో ఉన్న సాధారణ చిరునామాకు ఒక వేగు వచ్చిందని నాకు పంపారు. ఆలస్యానికి క్షమించమంటూ అయిదు పంక్తులు. అందులో ఉన్న నంబరుకు ఫోను చేశాను.

“మీరే చేశారాండి? నేననుకోలేదండి,” అన్నాడు.

జరిగింది ఇది. బస్సుల మీద నమ్మకం లేక ఆ గురువారం తెల్లవారుతూనే స్నేహితుడి మోటారుసైకిలు మీద బయలుదేరాడు. దారిలో పోలీసులు ఆపి, ఈ గొడవల్లో ల్యాప్‌టాపుతో ఎక్కడికని అడిగారు. ఫోనులో ముందే దిగి ఉన్న నా వేగును చూపించాడు. కానిస్టేబులు దాన్ని మొదటినుండి చివరిదాకా చదివి, “పది నిమిషాలే ఇచ్చారు, తొందరగా వెళ్ళు బాబూ” అని వదిలేశాడట. ఆ ఉత్తరాన్ని రాసిన నాకన్నా శ్రద్ధగా చదివినవాడు ఆయనే. ఎదుర్లంక గట్టు మీద సిగ్నలు అందీ అందకుండా ఉంటే, బాలయోగి వారధి దాటి యానాం చేరాడు. అప్పటికి పదకొండూ ఇరవై అయిదు. లంకె నొక్కితే, లోపలికి అనుమతించేవరకు వేచి ఉండమన్న మాట తెర మీద కనిపించింది. వేచి ఉన్నాడు. చెట్టు కింద, ల్యాప్‌టాపుకు తువ్వాలు నీడ పట్టి, పన్నెండున్నర దాకా. ఆ గదిని నేను మూసి వెళ్ళిపోయిన సంగతి అతనికి ఎవరు చెబుతారు? వేగుకు జవాబు రాస్తే వెనక్కి తిరిగి వచ్చింది.

“ఆలస్యమైనది నేనే కదండి, మీదేముందండి,” అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

శుక్రవారం సాయంత్రమే ఇద్దరినీ ఖరారు చేసేశాం. మూడో మనిషి కోసం పైవారిని అడిగాను, కుదరలేదు. ఆగస్టులో ఒక ఖాళీ వస్తే మళ్ళీ ఫోను చేశాను. అప్పటికే కాకినాడలో చేరానన్నాడు. జీతం అడగడానికి మొహమాటపడి ఊరుకున్నాను.

ఆ వారంలోనే నాన్నగారి ట్రంకుపెట్టెలోని కవరు గుర్తుకొచ్చింది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు పోయిందంటారు. ఆలమూరు దగ్గరి లంకలో ఉన్న మా వాళ్ళకు చాలా రోజులు టపా అందలేదు. ఒక బ్యాంకు నుండి నాన్నగారికి వచ్చిన ఇంటర్వ్యూ పిలుపు, ఆ తేదీ దాటిన తరువాత చేతికి వచ్చింది. కవరు తడిసి సిరా అలుక్కుపోయింది గానీ ముద్ర మీది తేదీ నిలిచింది. లోపలి కాగితంలో సంతకం, సంతకం కింద హోదా, కార్యాలయం పూర్తి చిరునామా, ఏదైనా చెప్పుకోవాలంటే ఎవరికి చెప్పుకోవాలో కూడా ఉన్నాయి. నాన్నగారు ఆ కవరు పట్టుకుని వెళ్ళారు. గుమాస్తా ముద్రను వెలుతురులో పెట్టి చూసి, మరో తేదీ వేసి ఇచ్చాడు. ఆ ఉద్యోగం రాలేదు, అది వేరే కథ. తడిసిన ఆ ఉత్తరం నా వేగుకన్నా ఎంతో మర్యాదగా ఉంది.

జూన్‌లో ఉత్తరం తిరగరాశాను. గొప్ప మార్పులేమీ కావు. పంపేది నా చిరునామా నుండే, కింద నా పేరు, ఫోను నంబరు. మాట్లాడబోయేవారు ఎవరు, ఎంతసేపు. రెండు తేదీలిచ్చి, కుదిరేది ఎంచుకోమంటాను. వీడియో వీలుకాకపోతే మామూలు ఫోను కాలైనా సమ్మతమే, దానివల్ల మార్కులు తగ్గవు. ఇదంతా ముందు తెలుగులో, తరువాత ఆంగ్లంలో. వేగు వెళ్ళాక ఒక ఎస్సెమ్మెస్సు కూడా పంపుతాను, ఎందుకంటే మనవైపు పిల్లలు మెయిలు పెట్టె రోజూ తెరవరు, తెరిచినా ఇటువంటివి ఒక్కోసారి స్పాములో పడి ఉంటాయి. వెనుక గోడ మాట తీసేశాను. చాలా ఇళ్ళలో ఉన్నది ఒకటే గది. అందులోనే అమ్మ, పొయ్యి, బల్లి, దేవుడి క్యాలెండరు. పది నిమిషాల హెచ్చరిక కూడా తీసేద్దామంటే, అది ఉంటేనే పిల్లలకు భయం ఉంటుందని మా పైవారు వాదించారు. చాలా రోజులు మాట్లాడి అరగంట చేయించగలిగాను.

ఆ జూలైలోనే గోదావరి మళ్ళీ పొంగింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రోజులలో పి.గన్నవరం వైపు లంకలోని ఒక అమ్మాయికి ఇంటర్వ్యూ ఉంది. ఈసారి పత్రిక చదివి ఊరుకోకుండా, ముందురోజే నేనే ఫోను చేసి తేదీ మారుస్తానన్నాను.

“ఆయ్, వద్దండి. గట్టు మీదే ఉన్నామండి. ఇప్పుడే అడిగేయండి, చార్జింగు ఉండగానే.”

వెనుక పడవ ఇంజను చప్పుడు వినిపిస్తోంది. ఇల్లెలా ఉందని అడిగాను.

“అరుగు దాకా వచ్చిందండి నీరు. లోపలికి రాలేదింకా.”

సరేనని, సరుకు వెనక్కి వస్తే ఖాతాలో ఎలా రాస్తారో చెప్పమన్నాను.