పేరు రాయించుకోవడానికి భయం

మన పేటల్లో ఎవరికైనా జ్వరమొస్తే పక్కింటికి తెలుస్తుంది. పాము కరిస్తే పేటంతా కదులుతుంది. రాత్రుళ్ళు నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, కారణం లేకుండా ఏడుపొస్తున్నా మాత్రం ఎవరికీ చెప్పరు. గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో సరిపెట్టుకుంటారు. మా ఇంట్లోనూ ఏడు నెలలు అలాగే గడిచాయి.

మేం భార్యాభర్తలం, ఎరుకల వాళ్ళం. సొంతూరు బాపట్ల దగ్గర. ఇద్దరం డి.ఎడ్. చదివి రేపల్లె వైపు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేస్తున్నాం. జబ్బు చేసింది మాలో ఒకరికే. ఎవరికన్నది ఇక్కడ రాయం. ఎందుకు రాయడం లేదో కింద చెబుతాం. భయం మాత్రం ఇద్దరిదీ.

తెల్లవారుజామున మూడింటికే మెలకువ. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోవడం. బడిలో హాజరు పిలుస్తూ పిలుస్తూ మధ్యలో ఆగిపోతే, పిల్లలే తర్వాతి పేరు అందించడం. రేపల్లెలో మామూలు డాక్టరుకు చూపించాం. బీపీ, షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించారు. అన్నీ బాగానే ఉన్నాయి. “తెనాలి వెళ్ళి ఒకసారి సైకియాట్రిస్టుకు చూపించండి” అన్నారు. ఫోన్ చేస్తే తొమ్మిది రోజుల తర్వాత రమ్మన్నారు. ఏడు నెలల జబ్బు కంటే ఆ తొమ్మిది రోజులే కష్టంగా గడిచాయి.

లెక్క రానప్పుడు దేనికి దానికి విడగొట్టి చూడమని పిల్లలకు చెబుతాం కదా. ఒక రాత్రి అలాగే మా భయాలను నోటుపుస్తకం వెనక అట్టమీద రాశాం. ఐదు తేలాయి. తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తారు. వెళ్ళగానే ఆసుపత్రిలో ఉంచేసి కరెంటు షాకులు ఇస్తారు. మందులు మొదలుపెడితే జన్మంతా వదలవు. ఉద్యోగానికి ముప్పు వస్తుంది. చివరిది, మన పేరు అక్కడ పుస్తకంలో రాస్తారు.

మొదటి నాలుగు భయాలూ ఎవరికైనా ఉండేవే. ఐదోది మాకు వంశపారంపర్యంగా వచ్చింది. బ్రిటిష్ వాళ్ళు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మార్చాక మద్రాసు రాష్ట్రంలోనూ అమలు చేశారు. అందులో ఎరుకల వాళ్ళ పేర్లు ఎక్కించారు. బాపట్లకు, చీరాలకు మధ్య ఉన్న స్టువర్ట్‌పురం అలా పుట్టిన సెటిల్మెంటే. హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరు పెట్టి, నడిపే పని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. రిజిస్టరులో పేరుంటే హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం పోయింది. అయినా మా పెద్దవాళ్ళు కాగితం మీద వేలిముద్ర వేయాలంటే ఇప్పటికీ ఒకటికి రెండుసార్లు అడుగుతారు. “పేరు ఏ పుస్తకంలోనూ పడనీయకండి” అనే మాట వింటూ పెరిగాం. బడిలో రోజూ పేర్లు రాసే మాకు, ఆసుపత్రి పుస్తకంలో మా పేరు పడుతుందంటే చెమటలు పట్టాయి.

ఆ మాట అత్తతో అన్నాం. ఆమె వయసులో ఉన్నప్పుడు బుట్ట చంకన పెట్టుకుని తెనాలి, పొన్నూరు వీధుల్లో ఎరుక చెప్పింది. అంతా విని ఇలా అంది:

“నా దగ్గరికి వచ్చినోళ్ళు బుట్టను చూసి వచ్చారనుకుంటున్నారా? ఇంట్లో చెప్పుకోలేంది చెప్పుకోడానికి వచ్చారు. పెద్ద పెద్ద ఇళ్ళ ఆడోళ్ళు కూడా నా చెయ్యి పట్టుకుని ఏడిచారు. ఒకరి మాట ఇంకొకరి ఇంట్లో ఎన్నడన్నా చెప్పానా? చెబితే మళ్ళీ గడప ఎక్కనిస్తారా? ఆ డాక్టరుదీ అదే పని. ఆయన చదువుకుని మందిస్తాడు. ఎళ్ళి చెప్పుకోండి.”

ఊరివాళ్ళ దుఃఖం వినడం మా ఆడవాళ్ళు తరతరాలుగా చేసిన పని. మా దుఃఖం ఇంకొకరికి చెప్పుకోవడం మాత్రం మాకు అలవాటు కాలేదు.

మిగిలిన రోజుల్లో చట్టం చదివాం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి, 2018 మే నుంచి అమల్లో ఉంది. చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప, రోగి వివరాలు బయటపెట్టకూడదని అందులో ఉంది. తన జబ్బు సంగతి ఎవరికి చెప్పాలో రోగి ఇష్టం. మాలో ఎవరికి జబ్బు చేసిందో ఇక్కడ రాయకపోవడం అందుకే. రోగి ఇష్టం లేకుండా చేర్చుకోవడానికి గట్టి షరతులున్నాయి. మత్తు ఇవ్వకుండా కరెంటు చికిత్స చేయడం నిషేధం. ఇక ఉద్యోగం సంగతి. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినా ప్రభుత్వ ఉద్యోగిని తీసేయకూడదని, హోదా తగ్గించకూడదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. తాతల నాటి చట్టం పేరు రాసుకుంది మమ్మల్ని కాపలా కాయడానికి. ఈ చట్టం రాసుకున్న పేరుకే కాపలా పెట్టింది.

ఎనిమిదో రోజు రాత్రి 14416కు ఫోన్ చేశాం. అది టెలీ మానస్, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. డబ్బులు అక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. “అక్కడికెళ్ళాక మాట రాకపోతే ఎలా?” అని అడిగాం. కాగితం మీద రాసుకుని వెళ్ళమన్నారు. ఎప్పటినుంచి ఉంది, ఎన్ని గంటల నిద్ర, తిండి ఎలా ఉంది, వాడిన మందులు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అన్నవి ఒక పేజీలో రాసుకున్నాం.

పొద్దున రేపల్లెలో రైలెక్కాం. భట్టిప్రోలు దాటింది, వేమూరు దాటింది, ఇద్దరం మాట్లాడుకోలేదు. తెనాలి ఆసుపత్రిలో పేరు అడిగారు, చెప్పాం, రాసుకున్నారు. బల్లమీద కూర్చుని చుట్టూ చూస్తే పంచె కట్టిన రైతు, తల్లితో వచ్చిన ఇంటర్ కుర్రాడు, చంటిపిల్లను ఎత్తుకున్న బాలింత. కాసేపటికి మా బడి ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చారు. తెలిసినవాళ్ళు చూస్తారన్న భయం అక్కడే నిజమైంది. ఆయన మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఆగి, నమస్కారం పెట్టి పక్క బల్లమీద కూర్చున్నారు. ఆయన చేతిలోనూ ఫైలుంది. ఊళ్ళో ఆ సంగతి ఆయన ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

లోపల అరగంట పట్టింది. డాక్టరు మా కాగితం పూర్తిగా చదివారు. “చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?” అని నేరుగా అడిగారు. ఇంట్లో ఇద్దరం ఒకరినొకరు అడగడానికి వణికిన ప్రశ్న అది. జవాబు చెప్పాక గుండె మీద బరువు కొంత దిగింది. దీన్ని కుంగుబాటు అంటారని, మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, తగ్గిందని సొంతంగా ఆపేయవద్దని చెప్పారు. ఎన్నాళ్ళు వాడాలో చూసుకుంటూ నిర్ణయిద్దామన్నారు. చేర్చుకునే మాటే రాలేదు.

ఇప్పుడు నిద్ర పడుతోంది. హాజరు చివరిదాకా పిలవగలుగుతున్నాం. భయం మొత్తం పోయిందని చెప్పం. మందుల షాపు దగ్గర జనం పలచబడేదాకా ఇప్పటికీ ఆగుతాం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం, పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. ఎక్కువమంది వైద్యం దాకా వెళ్ళడం లేదు. మన పేటలు అందుకు వేరు కావు. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, పని దారిలో పడకపోతే ఆగకండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగకండి.

తోటి టీచర్లకు ఒక మనవి. తరగతిలో ‘మెంటల్’ అనే మాటను తిట్టుగా వాడనివ్వకండి. హాస్టల్లో అన్నం మానేసి మూలన కూర్చునే పిల్లను బద్ధకస్తురాలు అనకముందు, రాత్రి నిద్ర పడుతోందా అని అడగండి. పెద్దాసుపత్రికి పంపాల్సి వస్తే చీటీ ఇచ్చి ఊరుకోకుండా మీరూ వెంట వెళ్ళండి. పేరు అడిగే కిటికీ దగ్గర ఆ పిల్ల పక్కన నిలబడండి.