ఆదివారం: ఆటకా, ఆరాధనకా?

నేను వైద్యవృత్తిలో ఉన్నకాలంలో కొందరు తల్లిదండ్రులు ఇలా అడిగేవారు: "డాక్టరుగారూ, క్రికెట్ పోటీలన్నీ ఆదివారమే పెడుతున్నారు. చర్చికి తీసుకువెళితే బాబుకు జట్టులో చోటు పోతుందేమో! ఏం చేయమంటారు?"

వైద్యుడిగా నేను ముందు బిడ్డ శరీరాన్ని చూస్తాను. ఎదిగే ఎముకలకూ కండరాలకూ వారానికి కనీసం ఒక రోజు ఆట నుంచి విశ్రాంతి అవసరమని శిశువైద్యులు చెబుతారు. విరామంలేని సాధన వల్ల మడమ నొప్పి, మోకాలి నొప్పి, చివరకు ఆటపైనే విముఖత కలుగవచ్చు. ఆ విశ్రాంతి దినమే కుటుంబ ఆరాధన దినమైతే రెండు మేళ్లూ సమకూరుతాయి.

1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ప్రాథమిక పోటీలు ఆదివారం ఉన్నందున బ్రిటన్ క్రీడాకారుడు ఎరిక్ లిడెల్ ఆ పరుగును వదులుకున్నాడు. పోటీల పట్టిక నెలల ముందే తెలియడంతో 400 మీటర్లకు సాధన చేసి, 47.6 సెకన్లలో స్వర్ణం సాధించాడు. పతకం అందరికీ రాదు. ముందస్తు నిర్ణయం మాత్రం అందరికీ సాధ్యమే.

కనుక సీజను ఆరంభానికి ముందే పోటీల పట్టిక తెప్పించుకోండి. పండుగలు, ప్రార్థన దినాలు, ఉపవాసాలు గుర్తించి శిక్షకునితో మాట్లాడండి. అంతకుముందు బిడ్డ మనసు తెలుసుకోండి. అతడు సమ్మతించిన ఏర్పాటే నిలుస్తుంది.