మాస్కు తీసినాక

మా గల్లీలో నిలబడి "ఖాజా!" అని ఒక్క కేక వేస్తే ముగ్గురు తిరిగి చూస్తారు. ఒకడు వెల్డింగ్ షాపు ఖాజా, ఒకడు ఆటో ఖాజా, మూడోవాడు మా భయ్యా. అందుకే 'స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్'లో "పీటర్" అని పిలవగానే ముగ్గురు పీటర్లు ఒక్కసారే పలికినప్పుడు థియేటరంతా నవ్వింది గాని, మేం అందరికంటే గట్టిగా నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే ఎందుకో గొంతు పట్టేసింది. ఎందుకు పట్టేసిందో చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

సాయిబులకు రాసుకోడానికి వేరే బాధలే లేవా, సినిమా మీద రాస్తారా అనేవాళ్ళు అననీ. బాధలున్నవాళ్ళకు సినిమా పిచ్చి ఉండొద్దని ఎవరన్నారు?

మొదటి స్పైడర్‌మ్యాన్ సినిమా వచ్చిన 2002లో మేం బడి పిల్లలం. నల్లగొండ జిల్లాలో ఒక చిన్న ఊరు. ఆ సినిమాకని ముందు తయారుచేసిన ప్రచార చిత్రంలో న్యూయార్కు జంట భవనాల మధ్య గూడు అల్లి దొంగల హెలికాప్టర్‌ని పట్టే దృశ్యం ఉండేది. 2001 సెప్టెంబర్ 11న ఆ భవనాలు కూలాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఈ సంగతి మాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. కూలిన దుమ్ము మాత్రం వెంటనే మా గల్లీ దాకా వచ్చింది. బళ్ళో మా పేర్ల ముందు కొత్త తిట్లు చేరాయి. మరుసటి ఏడాది గుజరాత్ తగలబడుతుంటే అబ్బా రేడియో చప్పుడు తగ్గించి వినేవాడు. మా ఇంట్లో మేమే దొంగల్లాగా వార్తలు విన్నాం. సరిగ్గా అట్లాంటి ఏడాదిలో మాకు వీడు దొరికాడు.

సూపర్‌మ్యాన్ ముఖం అందరికీ కనిపిస్తుంది. బ్యాట్‌మ్యాన్ కోటీశ్వరుడు. వీడు అట్లా కాదు. తల్లీతండ్రీ లేని పిల్లాడు, పిన్ని పంచన పెరిగాడు, ఇంటి అద్దె కట్టలేడు, పనికి ఆలస్యంగా పోయి తిట్లు తింటాడు. పైగా వాడి ఒంటి మీద వేలెడు చర్మం కూడా బయటికి కనపడదు. బురఖాలో మా అమ్మీ కళ్ళన్నా కనపడతాయి, వీడికి అవీ లేవు! 1962లో స్టీవ్ డిట్కోతో కలిసి వీణ్ణి పుట్టించిన స్టాన్ లీ చెప్పేవాడు: ఒళ్ళంతా కప్పి ఉండటంవల్ల ఏ రంగు పిల్లాడైనా లోపల ఉన్నది తానే అనుకోవచ్చని. మాకు ఎవరూ చెప్పకుండానే మేం అనుకున్నాం. అబ్బా దర్జీ. మిషను కింద పడ్డ ఎర్రగుడ్డ పీలికలు ఏరుకుని మాస్కులు కుట్టుకున్నాం. మాస్కు కడితే ఎవరి పిల్లలమో తెలియదు. పెద్దబజారు పిల్లలు కూడా మమ్మల్ని ఆటలో కలుపుకున్నారు.

2004లో రెండో సినిమా వచ్చింది. అందులో రైలు ఆపే ఘట్టం చూసినవాళ్ళు మరిచిపోరు. రైలాపి సొమ్మసిల్లి పడిపోతాడు. మాస్కు ఉండదు. ప్రయాణీకులు చేతుల మీద మోసుకొచ్చి పడుకోబెడతారు. ముఖం చూస్తారు. ఇంత చిన్న పిల్లాడా అని విస్తుపోతారు. ఇద్దరు పిల్లలు మాస్కు తెచ్చిచ్చి ఎవరికీ చెప్పమంటారు. మేం ఆ సీన్‌కి ఏడ్చాం. తోటి మనుషులంటే ఇట్లా ఉంటారని నమ్మాం. 2017 జూన్‌లో హర్యానాలో, రంజాన్ పండక్కి బట్టలు కొనుక్కుని రైల్లో ఇంటికి పోతున్న పదహారేళ్ళు నిండీ నిండని పిల్లాణ్ణి అదే బోగీలోవాళ్ళు పొడిచి చంపారు. ఆ వార్త చదివిన రాత్రి మాకు ముందు గుర్తొచ్చింది ఆ సినిమా రైలే. వాడి ముఖానికి మాస్కు లేదు. తల మీద టోపీ ఉంది.

ఇక 2021 డిసెంబర్ 16. కరోనా నిబంధనల వల్ల హాల్లో అందరి ముఖాలకీ మాస్కులే. మేం ముప్పై దాటినవాళ్ళం, పిల్లల మధ్య సిగ్గుపడుతూ కూర్చున్నాం. కథ మొదలవడమే పీటర్ పేరు, ముఖం లోకమంతటికీ బయటపెట్టడంతో మొదలవుతుంది. చేయని హత్య మెడకు చుట్టుకుంటుంది. 2002లో పత్రికాఫీసులో కూర్చుని అరిచిన జేమ్సనే, అదే నటుడు జె.కె. సిమ్మన్స్, ఇప్పుడు కెమెరా ముందు కూర్చుని అరుస్తున్నాడు. ఇరవై ఏళ్ళలో పత్రిక పోయి తెర వచ్చింది, అరుపు మారలేదు. పీటర్ ఇంటి మీద జనం ఎగబడతారు. వాడికే కాదు, వాడి స్నేహితులకూ కాలేజీ సీట్లు రావు. మా పక్క సీటతను "ఇదంతా ఓవరు" అన్నాడు. మాకు అందులో ఓవరేమీ కనపడలేదు.

ఎందుకంటే హైదరాబాద్‌లో గది వెతికినప్పుడు ఇంటాయన "మీరేమిట్లు?" అని అడిగితే మేం ఇంట్లో పిలుచుకునే పేరు చెప్పాం, "చిన్నా" అని. చిన్నా అన్ని మతాల్లోనూ ఉంటాడు గదా! పదకొండు నెలలు చిన్నాగానే బతికాం. వాళ్ళావిడ పండక్కి బొబ్బట్లు కూడా పంపింది. అమ్మీ మమ్మల్ని చూడటానికి బురఖాలో వచ్చిన మరుసటి నెల, చుట్టాలొస్తున్నారు, గది ఖాళీ చేయమన్నారు. గట్టిగా ఒక్క మాట అనలేదు. మర్యాదస్తులు.

సరే, సినిమాకొద్దాం. పాత సినిమాల టోబీ మాగ్వైర్, ఆండ్రూ గార్‌ఫీల్డ్ ఇద్దరూ తెర మీదికి వచ్చినప్పుడు ఈలలతో హాలు దద్దరిల్లింది. ఆ ఈలల్లో మావీ ఉన్నాయి. ఆండ్రూ వచ్చేది ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఇంట్లోకి. నువ్వు నువ్వేనని రుజువు చెయ్యమంటారు. గుర్తింపు కార్డు లేదంటాడు. ముసుగు వేసుకుని తిరిగేవాడు కార్డు జేబులో పెట్టుకుంటాడా? కప్పు మీద పాకి చూపించాల్సి వచ్చింది. ముసలమ్మ అదే చేత్తో ఆ మూల బూజు దులపమంది. హాలంతా నవ్వు. మాకు మాత్రం 2019 డిసెంబర్ గుర్తొచ్చింది. పౌరసత్వ సవరణ చట్టం వచ్చిన ఆ రోజుల్లో దాదీమా పెట్టె కింద పెట్టి కాగితాలు వెతికాం. రేషన్ కార్డులో ఆమె బీబమ్మ, ఓటరు కార్డులో బీబీ, ఆధార్‌లో బేబీ. ఎనభై ఏళ్ళ బేబీ! పీటర్లు ముగ్గురైనా పేరు ఒకటే. మా దాదీమా ఒక్కతే, పేర్లు మూడు. కప్పు మీద పాకి చూపించమంటే ఆమె ఏం చేస్తుంది?

సినిమాలో లోపాలు లేవని మేమనం. కాలేజీకి ఒక్క ఫోను కూడా చేయకుండా పీటర్ మంత్రగాడి దగ్గరకు పరుగెత్తడం ఏం కథ? పాత విలన్లలో ఇద్దరు ముగ్గురు లెక్కకే ఉన్నారు. పాత జ్ఞాపకాలు అమ్ముకుని డబ్బు చేసుకున్నారన్న మాటా నిజమే. కాని జ్ఞాపకాల్లో తేడా ఉంది. మా ఊరివాళ్ళు కూడా మాతో అంటుంటారు, ఆ రోజులే వేరు, పీర్ల పండక్కి అందరం కలిసి ఎగిరేవాళ్ళమని. నిజమే, ఎగిరాం. మరి ఇప్పుడెందుకు లేదంటే జవాబుండదు. తలచుకుని కళ్ళు తుడుచుకుని ఎవరింటికి వాళ్ళు పోవడమే. ఈ సినిమాలో పాతవాళ్ళు కళ్ళు తుడుచుకోవడానికి రాలేదు. 2014 సినిమాలో తన పిల్లను పట్టుకోలేకపోయిన ఆండ్రూ, ఇక్కడ పడిపోతున్న ఇంకొకరి పిల్లను పట్టుకుంటాడు. పిన్నిని చంపినవాణ్ణి చంపబోతున్న చిన్న పీటర్‌కు పెద్ద పీటర్ అడ్డం నిలబడతాడు. శత్రువులను చంపకుండా నయం చేసి పంపుతారు. పాత తప్పును దిద్దడానికి వచ్చే జ్ఞాపకమైతే రానీండి, మేం దండ పట్టుకుని ఎదురొస్తాం.

ముగింపే మాకు మింగుడుపడలేదు. లోకాన్ని కాపాడటానికి పీటర్ తనను అందరూ మరిచిపోవాలని కోరుకుంటాడు. ప్రేమించిన పిల్ల పనిచేసే కొట్టుకు, చెప్పాల్సిందంతా కాగితం మీద రాసుకుని పోతాడు. కాగితం జేబులోనే ఉండిపోతుంది. చిన్న అద్దె గదిలో, తన డ్రెస్సు తానే కుట్టుకుని, మంచులో ఎగిరిపోతాడు. అందరూ త్యాగమని చప్పట్లు కొట్టారు. మా చేతులు లేవలేదు. పేరు చెప్పకుండా ఉంటేనే అందరూ క్షేమంగా ఉంటారనడం మాకు కొత్త కాదు. పదకొండు నెలలు అట్లానే ఉన్నాం. దాన్ని త్యాగమని మేం అనుకోలేదు. భయమనే అనుకున్నాం.

వాడి కష్టాన్ని తక్కువ చేయడం లేదు. ఇంకోసారి చూడమన్నా చూస్తాం, ఇంకోసారి ఏడుస్తాం. కాని వాడు ఆ కాగితం తీసి చదవాల్సింది. వినాల్సినవాళ్ళు వినేవాళ్ళు, లేకుంటే లేదు. పేరుతో సహా మమ్మల్ని తెలుసుకుని, అప్పుడు కూడా బొబ్బట్లు పంపేవాళ్ళు కావాలి మాకు. పేరు మరిచిపోయి చేసే ప్రేమ మాకెందుకు?

ఇప్పుడుంటున్న గది దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. తొమ్మిది ఇళ్ళు తిరిగాం. తలుపు మీద పూర్తి పేరే రాయించాం, మొహమ్మద్‌తో సహా.