పుట్టుమచ్చ చాలదన్నారు!

సినిమాల్లో అయితే ఎంత సులువండీ! తప్పిపోయిన కొడుకు ఇరవయ్యేళ్ళ తర్వాత గుమ్మంలో నిలబడతాడు. భుజం మీద పుట్టుమచ్చో, మెళ్ళో సగం విరిగిన లాకెట్టో చూపిస్తాడు. తల్లి "బాబూ!" అని ఒక్క కేక పెడుతుంది. హాల్లో రుమాళ్ళు తడుస్తాయి. 1975లో వచ్చిన 'అన్నదమ్ముల అనుబంధం'లో అయితే లాకెట్టు కూడా అక్కర్లేకపోయింది. చిన్నప్పటి పాటే విడిపోయిన అన్నదమ్ముల్ని కలిపేసింది. ఆ సినిమాని మా మేనత్త తాడేపల్లిగూడెం వెళ్ళి మూడుసార్లు చూసింది. పెంటపాడు నుంచి గూడెం ఎంత దూరం గనక!

అలాంటి మా అత్త, తన కొడుకు తన కొడుకేనని కాగితం మీద చూపించడానికి రెండేళ్ళు అవస్థ పడింది. ఆ కథలో నాది బావమరిది వేషం. డైలాగులు తక్కువ, తిరుగుడు ఎక్కువ.

కొంచెం ఫ్లాష్‌బ్యాక్. అత్తకి 1977లో పెళ్ళయింది. మామయ్య మెల్‌బోర్న్‌లో డాక్టరు. తెల్లవాళ్ళకే చోటన్న పాత పద్ధతిని ఆస్ట్రేలియా 1973లో వదిలేశాక వెళ్ళినవాళ్ళలో ఆయనొకడు. అక్కడి పౌరసత్వం తీసేసుకున్నాడు. అత్త మాత్రం ససేమిరా అంది. "మన పాస్‌పోర్టు మీద సింహాలున్నాయిరా. వాటినెలా వదుల్తాను?" అనేది. 1980లో బావ అక్కడే పుట్టాడు. ఆస్ట్రేలియా యాసలో తెలుగు మాట్లాడతాడు గానీ, పులస పులుసు ముందు కూర్చున్నాడంటే అచ్చంగా గోదావరి వాడే!

2009లో మా నానమ్మ మంచం పట్టింది. రోజూ ఒకటే మాట, "మనవడు వచ్చాడా?" అని. బావ వీసాకి పెట్టుకున్నాడు. మధ్యలో సెలవులొచ్చి పడ్డాయి. వీసా చేతికొచ్చి, విమానం దిగి, గూడెం స్టేషన్లో రైలు దిగేసరికి నానమ్మ పోయి అయిదో రోజు. ఇంట్లో దీపం వెలుగుతోంది, మంచం లేదు. అరుగు మీద కూర్చుని బావ ఏడ్చిన ఏడుపు నేనింకా మర్చిపోలేదు.

తర్వాత మామయ్య పోయాడు. అత్త పెంటపాడు వచ్చేసింది. ఒకరోజు కాఫీ గ్లాసు నా చేతికిస్తూ మామూలుగా అంది, "ఒరేయ్, నేను పోయేటప్పుడు నా కొడుకు వీసా లైన్లో నిలబడి ఉండకూడదురా."

ఆ మాటతో నా షూటింగు మొదలైంది.

ఏలూరులో తెలిసిన ప్లీడరు గారి దగ్గరికెళ్ళాను. "మా అత్త ఇప్పటికీ భారత పౌరురాలే కదండీ, కొడుకు ఎందుక్కాడు?" అనడిగాను. ఆయన 1955 నాటి పౌరసత్వ చట్టం తీశారు. 1992 డిసెంబరు 10కి ముందు విదేశంలో పుట్టిన బిడ్డకు వంశపారంపర్యంగా పౌరసత్వం రావాలంటే తండ్రి భారతీయుడై ఉండాలట. తల్లి వైపు నుంచి లెక్కలోకి రాదట. ఆ తేదీ తర్వాతే తల్లికీ ఆ హక్కు వచ్చింది. చూశారా? అమ్మ సెంటిమెంటుతో వందరోజులాడిన సినిమాలు ఎన్ని ఉన్నాయి మనకి! ఆ అమ్మని చట్టం గుర్తించడానికి అన్నేళ్ళు పట్టింది.

ఈ సంగతి ఫోన్లో చెబితే బావ భార్య పకపకా నవ్వింది. ఆవిడ నాకు అక్క వరస. "మా ఇంట్లోనూ ఇదే కథ తమ్ముడూ!" అంది. వాళ్ళ బామ్మది ఇటలీ. నాన్న 1946లో పుట్టాడు. బామ్మ పేరు మీద ఇటలీ పౌరసత్వం అడిగితే కాన్సులేటు వాళ్ళు కుదరదన్నారట. అక్కడ తల్లి వైపు నుంచి పౌరసత్వం 1948 జనవరి 1 నుంచి పుట్టిన పిల్లలకే. వాళ్ళ రాజ్యాంగం అమల్లోకొచ్చిన రోజది. అంతకుముందు పుట్టినవాళ్ళు కోర్టుకెక్కాలి. ఆవిడ కాగితాలు పోగుచేస్తూండగానే 2025లో ఇటలీ నిబంధనలు ఇంకా బిగించింది. ముత్తాతల్ని చూపించి పౌరసత్వం అడిగే దారి విదేశాల్లో పుట్టినవాళ్ళకి దాదాపు మూసేసింది. అక్కకి బామ్మ ఉంది గనక ఆశ మిగిలింది, కోర్టు ఖర్చుకే జంకుతోంది. ఎక్కడ పెంటపాడు, ఎక్కడ ఇటలీ! రెండుచోట్లా అమ్మే లెక్క తప్పింది.

మన రాజ్యాంగం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. బావకున్న దారి ఓసీఐ కార్డు. విదేశీ పౌరుడిగా ఉంటూనే వీసా లేకుండా జీవితాంతం వచ్చిపోవచ్చు. 2006 జనవరిలో మన హైదరాబాదులోనే మొదటి కార్డులు ఇచ్చారు. దీనికి తల్లి భారతీయురాలైనా చాలు. 2009 నాటికే ఈ కార్డు ఉంది మరి. పేర్ల గొడవకి జంకి బావ వాయిదా వేశాడు. ఆ సంగతి అతనే చెప్పుకుని బాధపడతాడు.

ఏమిటా గొడవ అంటారా? అత్త పాస్‌పోర్టులో పేరు ముందు 'వెంకట' ఉంది, మామయ్య ఇంటిపేరుంది. మెల్‌బోర్న్‌లో బావ జనన పత్రంలో తల్లి పేరు దగ్గర 'వెంకట' లేదు, పుట్టింటి ఇంటిపేరుంది. కాగితాల ప్రకారం ఇద్దరాడవాళ్ళు! డబుల్ యాక్షన్ అన్నమాట.

అత్త చదివిన బడికెళ్ళాను. హెడ్‌మాస్టారు ఓపిగ్గా బీరువా దించి, చెదలు తిన్న రిజిస్టర్లు ఒక్కొక్కటే తిరగేశారు. మూడో రోజు దొరికింది. అత్త పూర్తి పేరు, పుట్టింటి ఇంటిపేరు, తాతయ్య పేరు, పుట్టిన తేదీ జూలై 1. అత్త పుట్టింది ధనుర్మాసంలో! బళ్ళో చేర్చేటప్పుడు ఏ మాస్టారో వేసిన తేదీ అది. నాకు గుండాగిపోయింది. తీరా చూస్తే పాస్‌పోర్టులోనూ జూలై ఒకటే. అబద్ధమే గానీ అన్నిచోట్లా ఒకటే అబద్ధం. అదే మమ్మల్ని రక్షించింది. రెండు పేర్లూ ఒక్క మనిషివేనని గూడెంలో నోటరీ దగ్గర అత్త అఫిడవిట్ మీద సంతకం చేసింది. చేస్తూ, "నన్ను నేనేనని నేనే రాసివ్వాలా!" అని నవ్వింది. కళ్ళు మాత్రం నవ్వలేదు.

పోయిన సంక్రాంతికి బావా అక్కా వచ్చారు. బావ జేబులో కార్డుంది. రిజిస్టరైన పెళ్ళికి రెండేళ్ళు దాటాయి గనక, బావ భార్యగా అక్క కూడా కార్డుకి అర్హురాలే. బామ్మ రక్తంతో రాని కాగితం ఆవిడకి మూడుముళ్ళతో రాబోతోంది.

అత్త కార్డుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీంతో ఓటెయ్యొచ్చా?"

"లేదత్తా."

"పొలం కొనొచ్చా?"

"కొనకూడదు. నీ వాటా అయితే వారసుడిగా వస్తుంది."

"మరేం చెయ్యొచ్చురా?"

నేను చెప్పేలోపే బావ అన్నాడు, "నువ్వు పిలిచిన రోజే విమానం ఎక్కొచ్చమ్మా."

అత్త ఆ కార్డుని నానమ్మ ఫొటో ముందు పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"అయితే చాల్లే. రండి, అన్నాలు చల్లారిపోతున్నాయి" అంది.