కాదనుటకైన ఖరీదు

బోర్డో నగరమునకు నన్ను చూడవచ్చిన మా పెద్దనాన్నగారికి, మెడోక్ ద్రాక్షతోటల నడుమ ఎత్తైన స్తంభములతో నిలిచిన షాటో మార్గో భవనమును దూరమునుండి చూపి, దాని యజమానురాలి మాట చెప్పగా, "ఇంత మేడలో ఆ అమ్మగారు పొద్దస్తమానం తాగుతూ కూర్చుంటుందట్రా?" అని అడిగిరి. "తాగదు పెద్దనాన్నా, పుక్కిలించి ఉమ్మేస్తుంది" అంటిని. ఆయన నవ్విరి గాని, ఆ ఉమ్మివేయుటయే అచట అసలు కొలువు.

1855లో పారిస్ ప్రదర్శన నిమిత్తము బోర్డో ద్రాక్షాసవములకు తరగతులు నిర్ణయించినప్పుడు ఎర్రవానిలో ప్రథమశ్రేణి నందిన నాలుగింటిలో ఒకటియైన ఈ క్షేత్రము, 1970ల సంక్షోభమున చితికిపోయిన గినెస్తే కుటుంబమువారి చేతులనుండి 1977లో ఆంద్రే మెంట్‌జెలోపులోస్ అను వర్తకుని వశమయ్యెను. గ్రీసు దేశమున పుట్టి, మన ఉపఖండమున ధాన్యవ్యాపారము చేసి ధనమార్జించి, పిమ్మట ఫ్రాన్సులో కిరాణాదుకాణముల సంస్థకు అధిపతియైన ఆ గట్టివాడు, మురుగుకాలువలు త్రవ్వించి, తీగలు తిరిగి నాటించి, ఎమిల్ పేనో వంటి శాస్త్రజ్ఞుని సలహాకు రప్పించి, ఆ శ్రమఫలమును నిండుగా చూడకయే 1980లో కన్నుమూసెను. మన గడ్డమీది గింజల లాభము ఏపాటి ఆ తీగల వేళ్లకు చేరినదో లెక్కకట్టినవారు లేరు గాని, ఆ తలంపు నాకు సరదాగా తోచును. ఆంద్రే మరణముతో క్షేత్రభారము ఆయన 27 ఏండ్ల కుమార్తె కొరిన్ మీద పడెను.

హైదరాబాదు చుట్టుపట్ల అనాబ్-ఎ-షాహి పందిళ్లక్రింద తిరిగిన కన్నులకు ఇచటి తోట వింతగా నుండును. గులకరాళ్ల నేలలో, నడుమునకైన రాని తీగలు, హెక్టారునకు 10,000 వరకు, తీగెలకట్టు వరుసలలో బారులు తీరియుండును. ఎదిగిన తీగకు నీరు పెట్టుట సాధారణముగా నిబంధనలకు విరుద్ధము. యజమానురాలు ఎంత సంపన్నురాలైనను వానకొరకు మా నల్లగొండ రైతువలెనే మబ్బు చూడవలసినదే.

ఇక యజమాని నిజమైన అధికారమెల్ల శీతకాలమున తెలియును. ఏ మడిపంటకు ఆ తొట్టి వేరుగా పులిసిన రసములను వరుసగా రుచిచూచి, ఇది ప్రధానాసవములో కలియవచ్చును, ఇది కూడదు అని తేల్చవలెను. కూడదన్నది ఎంతో తక్కువ వెలకు అమ్ముడగు రెండవ ఆసవమగు పావియోన్ రూజ్‌లోనికో, అంతకును దిగువకో పోవును. పీపా యొక్కంటికి 225 లీటర్లు, అనగా 300 సీసాలు. ఒక్క మాటతో ఎంత సొమ్ము జారిపోవునో ఊహింపవచ్చును. ఇటీవలి కాలమున పంటలో ఇంచుమించు మూడవవంతు మాత్రమే మార్గో అను పేరునకు నోచుకొనుచున్నది. తక్కిన భాగమును కాదనుటకే వారసులు కావలెను. జీతగాడు ఎంతటి నిపుణుడైనను అంత నష్టమును తనంత తాను నెత్తిన వేసికొనజాలడు.

కాదనుట మాళిగలోను కొనసాగును. నేను చూచిన యొక మాళిగలో ముసలి పనివాడొకడు పీపానుండి పీపాకు రసమును మార్చుచు, గాజుగ్లాసు వెనుక కొవ్వొత్తి పట్టి, కాంతిలో మడ్డి సన్నని పొగవలె తోచిన క్షణముననే ధారను ఆపివైచెను. పీపాకు అయిదారు గ్రుడ్ల తెల్లసొన గిలకొట్టి పోసి, మిగిలిన మలినమును అడుగునకు దించుట మరియొక పని. పచ్చసొన ఏమగునని అడిగితిని. వాడు భుజములెగురవేసి, ఊరిలో మిఠాయి అంగళ్లు లేవా అనెను.

ఇక వారసత్వపు మాటకు వచ్చినచో, ఫ్రెంచి చట్టము బిడ్డలను పూర్తిగా వారసత్వమునుండి తొలగింపనీయదు. కొడుకు, కూతురు అను భేదమును లేదు. నాటి మన ఆంధ్రప్రదేశమున ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమభాగమిచ్చిన చట్టము 1985 నుండి కాని అమలునకు రాలేదు, వచ్చిన పిదపను అన్నదమ్ములు చాచిన కాగితముమీద కిక్కురుమనక సంతకము చేసిన ఆడపడుచులు మా వంశమునందే కలరు. కొరిన్ మాత్రము, నడుమ ఇటలీకి చెందిన అన్యెల్లీ కుటుంబమువారి చేతికి పోయిన పెద్ద వాటాను 2003లో తిరిగి కొని, క్షేత్రమంతయు తనదిగా చేసికొనెను. 2023లో నిర్వహణ కుమారుడు అలెక్సిస్‌కు అప్పగించెను. ముదిసిన తీగలు పెరికిన మడిని కొన్నియేండ్లు బీడుపెట్టి, పిమ్మట నాటినను, ఆ లేతతీగల రసము ప్రధానాసవమునకు తగుటకు పదియేండ్లకు పైగా పట్టును. కనుక ఆమె నిర్వహణ చివరిరోజులలో పెరికించిన మళ్లు ఏవైన నున్నచో వానిని ఔననుటయో కాదనుటయో ఆతని పని.