ఊటన్ బాసెట్ వీధి, కడవెండి స్తూపం

ఇంగ్లండ్‌లోని విల్ట్‌షర్ కౌంటీలో ఊటన్ బాసెట్ అనే చిన్న పట్నం ఉంది. అప్పట్లో జనాభా పదకొండు పన్నెండు వేలు. ఒక్కటే పెద్ద వీధి, అందులో స్తంభాల మీద నిలబెట్టిన పాత టౌన్‌హాలు, కాస్త ముందుకు పోతే సెయింట్ బార్తలోమ్యూ చర్చి. 2007 ఏప్రిల్ దాకా ఈ ఊరి పేరు బ్రిటన్‌లోనే చాలామందికి తెలియదు. ఆ నెలలో బ్రైజ్ నార్టన్ వైమానిక స్థావరంలో రన్‌వే మరమ్మతులు మొదలవడంతో, ఇరాక్, అఫ్ఘానిస్థాన్ యుద్ధాల్లో చనిపోయిన సైనికుల భౌతికకాయాలను ఈ పట్నానికి దగ్గరలోని లైనమ్ స్థావరంలో దించసాగారు. అక్కణ్ణుంచి వాటిని ఆక్స్‌ఫర్డ్‌లోని జాన్ రాడ్‌క్లిఫ్ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. దారి ఊటన్ బాసెట్ పెద్ద వీధి మీదుగానే.

జెండా కప్పిన శవపేటికతో వాహనం వస్తుంటే వీధిలో ఉన్న కొందరు మాజీ సైనికులు ఆగి వందనం చేశారు. తర్వాత వచ్చినప్పుడు వాళ్ల పక్కన దుకాణాల వాళ్లు నిలబడ్డారు. ఆ తర్వాత సంతకు వచ్చినవాళ్లు, బడిపిల్లలు, పక్క ఊళ్లవాళ్లు. ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వలేదు, ఏ పార్టీ పిలుపునివ్వలేదు. చర్చి గంట మోగేది, వాహనాలు నెమ్మదించేవి, ముందు ఒక మనిషి నడిచేవాడు. కుటుంబసభ్యులు వాహనం మీద పూలు పెట్టేవాళ్లు. ఉపన్యాసాలు లేవు. వాహనాలు సాగిపోగానే దుకాణాలు మళ్లీ తెరుచుకునేవి.

2011 ఆగస్టు దాకా ఇలా 167 సార్లు జరిగింది. 345 మంది ఈ వీధి గుండా వెళ్లారు. అఫ్ఘానిస్థాన్‌లో ఒక్క రోజు వ్యవధిలో ఎనిమిది మంది చనిపోయి, 2009 జులై 14న వాళ్ల పేటికలు వచ్చినప్పుడు వేలాది మంది వీధికి ఇరువైపులా నిలిచారు. 2011 అక్టోబర్ 16న యువరాణి ఆన్ స్వయంగా వచ్చి పట్నం పేరుకు 'రాయల్' అనే గౌరవాన్ని జోడించింది. ఇంగ్లండ్‌లో ఒక పట్నానికి అలాంటి గౌరవం దక్కి అప్పటికి వందేళ్లు దాటింది.

ఈ వ్యాసకర్త సొంతూరు భూపాలపల్లి. సింగరేణి క్వార్టర్లలో పెరిగి, ఉద్యోగం కోసం వచ్చి స్విండన్‌లో స్థిరపడ్డాడు. స్విండన్ నుంచి ఊటన్ బాసెట్ పది కిలోమీటర్లు. అతను వచ్చేనాటికి ఆ ఊరేగింపులు ఆగిపోయాయి. భౌతికకాయాలు మళ్లీ బ్రైజ్ నార్టన్‌కే వస్తుండేవి. కానీ అప్పుడు నిలబడ్డవాళ్లు అక్కడే ఉన్నారు. వాళ్ల దగ్గర విన్న సంగతులన్నీ అతను ఫోన్‌లో బాపుకు చెప్పాడు. బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన బాపు అడిగిన మొదటి మాట ఇది:

"సచ్చిపోయినోళ్లు గా ఊరోళ్లేనా బిడ్డా?"

"కాదు బాపు. ఎక్కడెక్కడోళ్లో."

"మరి ఈళ్లకేం చుట్టమని నిలబడ్డరు?"

"చుట్టం గాదు, పక్కం గాదు. తమ తొవ్వల పోతున్నరని నిలబడ్డరు."

బాపు కాసేపాగి, "మా దగ్గర గూడ గంతే ఉండె" అన్నాడు. "ఏ షిఫ్టోడన్నగాని, ఏ యూనియనోడన్నగాని, బాయిల పానం పోయిందంటే అందరం పనిడిసి పైకొచ్చేటోళ్లం. మేనేజ్‌మెంట్‌తోని కొట్లాట వేరే. గా మనిషి వేరే."

ఊటన్ బాసెట్‌ను అర్థం చేసుకోవడానికి బాపు మాట కంటే దగ్గరి దారి లేదు. ఇరాక్ మీద యుద్ధం వద్దంటూ 2003 ఫిబ్రవరి 15న లండన్ వీధుల్లో లక్షలాది మంది నడిచారు. బ్రిటన్ చరిత్రలో అంత పెద్ద ప్రదర్శనలు అరుదు. యుద్ధం ఆగలేదు. ఇరాక్‌లో 179 మంది, అఫ్ఘానిస్థాన్‌లో 457 మంది బ్రిటిష్ సైనికులు చనిపోయారు. యుద్ధం వద్దన్నవాళ్లూ, కావాలన్నవాళ్లూ ఆ వీధిలో ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు. సైనికుడి కోసం తల వంచడమంటే పంపినవాళ్ల నిర్ణయానికి తల ఊపడమేనని అక్కడ ఎవరూ అనుకోలేదు.

పైగా ఇలాంటి సంతాపాన్ని చూసి ఇబ్బందిపడేది ప్రభుత్వాలే. అమెరికాలో డోవర్ వైమానిక స్థావరానికి వచ్చే శవపేటికల ఫొటోలు తీయకుండా 1991లో నిషేధం పెట్టారు. 2009లో గానీ అది తొలగలేదు, అదీ కుటుంబాలు ఒప్పుకుంటేనే. బ్రిటన్ రక్షణ శాఖలో 2012లో తయారైన ఒక పత్రం, విదేశీ యుద్ధాలకు ప్రజల్లో వ్యతిరేకత పెరగకుండా ఉండాలంటే భౌతికకాయాల రాక చుట్టూ జరిగే కార్యక్రమాల ప్రాధాన్యం తగ్గించాలని సూచించింది. మరుసటి ఏడాది అది పత్రికలకెక్కింది. పేటిక కళ్లముందు నుంచి పోతే జనం లెక్క అడుగుతారన్న భయం అది. ఊటన్ బాసెట్ జనం గొంతెత్తి ఏమీ అడగలేదు. అయినా ఎంతమంది వెళ్లారో దేశమంతటికీ తెలిసేలా చేశారు. ఆ యుద్ధాల్లో చనిపోయిన ఇరాకీ, అఫ్ఘాన్ పౌరుల కోసం అలాంటి వీధి ఎక్కడా లేదన్నదీ నిజమే. ఒక దుఃఖాన్ని గౌరవించేవాళ్లు రెండోదాన్ని మరవకూడదు.

మన దగ్గరా జనం నిలబడతారు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో 20 మంది సైనికులు అమరులయ్యారు. వారిలో 16వ బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్, సూర్యాపేట బిడ్డ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు ఒకరు. కరోనా ఆంక్షల నడుమ కూడా సూర్యాపేట ఆయన మీద పూలు చల్లి సాగనంపింది. ఏడాది తిరిగేసరికి పట్టణం నడిబొడ్డున విగ్రహం లేచింది. మహావీరచక్ర వచ్చింది. 2025 మేలో సరిహద్దు కాల్పుల్లో అగ్నివీర్ మురళీ నాయక్ ప్రాణాలు విడిస్తే, శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలోని కళ్లితండాకు జనం బారులు తీరారు. మానుకోట (మహబూబాబాద్) చుట్టూ ఉన్న లంబాడా తండాల్లో ఎంతోమందికి ఆ తల్లిదండ్రుల ఏడుపు సొంతింటి ఏడుపులా తగిలింది.

సరిహద్దులో చనిపోయినవాడికి ఊరు తోడుంటుంది. సముద్రం దాటి వెళ్లి చనిపోయినవాడి సంగతి వేరు.

1987 జులైలో భారత్, శ్రీలంక మధ్య ఒప్పందం కుదిరి మన శాంతి పరిరక్షక దళం ఆ దేశానికి వెళ్లింది. శాంతి నిలబెట్టడానికి వెళ్లిన సైన్యం అక్టోబర్ నాటికి తమిళ పులులతో (ఎల్‌టీటీఈ) యుద్ధంలో కూరుకుపోయింది. 1990 మార్చిలో చివరి దళాలు తిరిగి వచ్చేసరికి దాదాపు 1,200 మంది చనిపోయారు. తెలుగువాళ్లు తరతరాలుగా చేరుతూ వచ్చిన మద్రాస్ రెజిమెంట్ కూడా ఆ యుద్ధంలో ఉంది. అదే యుద్ధంలో పోరాడిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కు మరణానంతరం పరమవీరచక్ర దక్కింది. కానీ దళాలు తిరిగొచ్చేసరికే ఆ యుద్ధం ఎవరికీ పట్టనిదైపోయింది. మద్రాసు రేవులో దిగిన సైన్యానికి స్వాగతం చెప్పడానికి నాటి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. తమిళుల మీద పోరాడి వచ్చారన్న కోపం అక్కడిది. ఢిల్లీలో ప్రభుత్వం మారింది, పంపినవాళ్లు గద్దె దిగారు. కొలంబో పక్కన శ్రీ జయవర్ధనపుర కోట్టేలో మన సైనికుల పేర్లతో స్మారకం ఉంది. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం రావడానికి 2019 ఫిబ్రవరి 25 దాకా ఆగాల్సి వచ్చింది. గ్రానైట్ పలకల మీద సుమారు 26,000 పేర్లు చెక్కిన ఆ చోట వీళ్లూ చేరారు. అప్పటికి వాళ్ల తల్లిదండ్రుల్లో ఎందరు మిగిలి ఉంటారు?

ఇంకో రకం చావు కూడా ఇప్పుడు తెలంగాణ గడప తొక్కింది. హైదరాబాద్ బజార్‌ఘాట్‌కు చెందిన ఒక యువకుడు రష్యాలో సహాయకుడి ఉద్యోగమని ఏజెంట్లు చెప్తే నమ్మి వెళ్లాడు. తీరా అక్కడ సైన్యంలో చేర్చి ఉక్రెయిన్ యుద్ధానికి తోలారు. 2024 మార్చిలో అతని మరణాన్ని మాస్కోలోని మన రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. 2025 జనవరి నాటికి అలా రష్యా సైన్యంలో చేరి చనిపోయిన భారతీయులు 12 మంది అని, మరో 16 మంది జాడ తెలియడం లేదని విదేశాంగ శాఖ చెప్పింది. ఆ యువకుడు వేసుకున్నది మన దేశపు యూనిఫాం కాదు కాబట్టి జెండా కప్పరు, తుపాకులు పేల్చరు. వెనక భార్య, చిన్న పిల్లలు. గల్ఫ్ నుంచి పెట్టెలో వచ్చే మనిషి కోసం శంషాబాద్ విమానాశ్రయంలో ఎదురుచూసే కుటుంబాలకు ఎంత ఆసరా ఉంటుందో వీళ్లకూ అంతే.

యుద్ధాన్ని బట్టి, యూనిఫాంను బట్టి, ఏ నాయకుడొచ్చాడన్నదాన్ని బట్టి ఒక తల్లి దుఃఖానికి విలువ కట్టడం తప్పు. బయటి దేశంలో ఉంటున్న ఈ వ్యాసకర్తకు ఈ మాట గట్టిగా చెప్పాలని ఉంది.

ఇంగ్లండ్‌లో ఏ పల్లెకు పోయినా చర్చి దగ్గరో, కూడలిలోనో పేర్లు చెక్కిన రాయి ఉంటుంది. మొదటి ప్రపంచయుద్ధానికి వెళ్లినవాళ్లంతా ప్రాణాలతో తిరిగొచ్చిన పల్లెలు యాభైకి కాస్త పైన మాత్రమే. కానీ అదే సామ్రాజ్యం తన కోసం చనిపోయిన మనవాళ్ల విషయంలో అంత శ్రద్ధ చూపలేదు. ఫ్రాన్స్‌లో గాయపడి బ్రైటన్ ఆస్పత్రుల్లో కన్నుమూసిన 53 మంది హిందూ, సిక్కు సైనికులకు ఊరి బయట కొండ మీద దహనసంస్కారం చేశారు. 1921లో అక్కడ 'ఛత్రి' పేరుతో పాలరాతి మండపం కట్టారు. వాళ్ల పేర్లు మాత్రం 2010లో గానీ అక్కడికి రాలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన ఆఫ్రికా, ఆసియా సైనికుల్లో కనీసం 1,16,000 మందిని, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో స్మరించనే లేదని కామన్వెల్త్ యుద్ధసమాధుల కమిషన్ 2021లో స్వయంగా ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఆ లెక్కలో మన పల్లెల నుంచి వెళ్లినవాళ్లూ ఉండి ఉంటారు. తెలుగునాట ఆ జ్ఞాపకాన్ని కాపాడుకున్న ఊరు తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం. రెండు ప్రపంచయుద్ధాలకూ మనుషుల్ని పంపి 'మిలిటరీ మాధవరం' అనిపించుకున్న ఆ ఊళ్లో సైనికుల స్మారకం ఉంది.

స్మారకం కట్టుకోవడం జనగామ, మానుకోట, భూపాలపల్లి జనానికి ఒకరు నేర్పాల్సిన పని కాదు. తెలంగాణ రైతాంగ పోరాటంలో, 1946 జులై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమురయ్య నేలకొరిగిన కడవెండిలో స్తూపం ఉంది. ఏటా జులై 4న అక్కడికి జనం వస్తారు, పాటలు పాడతారు. సర్కారు గుర్తించడానికి ఎన్నో ఏళ్ల ముందే ఊళ్లు సొంతంగా కట్టుకున్న స్తూపాలు ఈ నేల మీద ఉన్నాయి. సముద్రాల అవతల చనిపోయిన సైనికుడి పేరు కూడా ఆ పక్కన ఉండే హక్కున్నదే.

అందుకు పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. మాజీ సైనికుల, వీరపత్నుల వివరాలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల దగ్గర ఉంటాయి. 1949 నుంచి ఏటా డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినం జరుపుతున్నాం. ఆ రోజు విరాళాల పెట్టె తిప్పడంతో సరిపెట్టకుండా, మండల కేంద్రంలో ఆ మండలం నుంచి వెళ్లి తిరిగిరాని వాళ్ల పేర్లు ఊళ్లతో సహా చదవొచ్చు. ఏ యుద్ధం, ఏ దేశం, ఏ సంవత్సరం అన్నది కూడా చెప్పాలి. శ్రీలంకకు ఎందుకు వెళ్లారు, రష్యాకు ఎవరు పంపారు అని పిల్లలు అడిగితే పెద్దలు జవాబు వెతుక్కోవాలి. జాబితా రాయడం, రాయి చెక్కించడం వంటి పనులకు విదేశాల్లో ఉన్న మనవాళ్లు చందా వేసుకోవచ్చు. బతుకమ్మకు, వనభోజనాలకు ఏటా వేసుకుంటూనే ఉన్నాం.

పోయిన వారం బాపు ఫోన్ చేసి ఒక మాజీ జవాను గురించి చెప్పాడు. శ్రీలంకకు వెళ్లి వచ్చి, తర్వాత సింగరేణిలో సెక్యూరిటీ గార్డుగా చేసి రిటైరయ్యాడట. తన బెటాలియన్‌లో చనిపోయిన తెలుగువాళ్ల పేర్లు, కొందరివి ఊళ్లు కూడా ఆయనకు గుర్తున్నాయి. ఎవరైనా వచ్చి కూర్చుంటే చెప్తానన్నాడు. బాపు కళ్లద్దాలు, నోటుబుక్కు పట్టుకుని ఈ ఆదివారం ఆయన ఇంటికి పోతున్నాడు.