ఇల్లు చూడకమునుపే అప్పు తేల్చుకొనుట

బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలోని మా చోరనూరులో ఇల్లు కట్టదలచినవాడు మొదట పునాది త్రవ్వించును. గోడలు లింటెలు మట్టమునకు లేచి చేతిలోని పైకము నిండుకొన్న పిమ్మట అప్పునకు బయలుదేరును. అంతట ఇంటి ఆడవారి మెడలోని బంగారము కుదువకు పోవును. అదియు చాలనిచో చేను భోగ్యమునకు పోయి, అసలు తీరువరకు దాని పంట అప్పిచ్చినవాని గాదెకు చేరును. ఇచ్చువాడు సొత్తును చూచునే గాని, పుచ్చుకొన్నవాడు నెలనెలా ఎంత చెల్లింపగలడని విచారింపడు. శ్లాబు పడక, స్తంభములపై కమ్ములు తుప్పుపట్టి నిలిచిపోయిన ఇండ్లను చూచి పెరిగినవాడను గనుక, అమెరికాలో ఈ క్రమము తలక్రిందులై యుండుట నాకు మిక్కిలి నచ్చినది.

ఇచ్చట డాలస్ పరిసరములలో ఏజెంటు ఇల్లు చూపుటకు ముందే ప్రీ-అప్రూవల్ ఉత్తరము తెమ్మనును. రెండేండ్ల డబ్ల్యూ-2 జీతపత్రములు, పన్ను రిటర్నులు, ఇటీవలి జీతపు రసీదులు, రెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, వీసా కాగితములు పరిశీలించి, క్రెడిట్ స్కోరు చూచి, ఉన్న అప్పుల వాయిదాలకు క్రొత్తయింటి వాయిదాను చేర్చి, ఆ మొత్తము నెలసరి రాబడిలో ఎంత భాగమగునో లెక్కించి, ఇంతవరకు ఇయ్యవచ్చునని బ్యాంకు వ్రాసియిచ్చును. రాబడి విచారింపకయే ఎడాపెడా అప్పులిచ్చిన ఫలము 2008 నాటి సంక్షోభమై లోకమునెల్ల కుదిపిన పిదపనే, 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టము ననుసరించి, తీర్చు శక్తిని విచారించుట 2014 జనవరి నుండి ఋణదాతలకు విధిగా ఏర్పడినది. ఎందరి కొంపలో కూలిన మీదట పుట్టిన నియమమిది. దీనిని వట్టి కాగితపు తతంగమని విసుగుకొనువారితో నేను ఏకీభవింపజాలను.

మా నాయన డౌన్ పేమెంటునకై కొంత సొమ్ము పంపగా, ఖాతాలో హఠాత్తుగా పడిన ఆ పెద్ద మొత్తము ఎక్కడిదని లోన్ ఆఫీసరు అడిగెను. అది అప్పు గాదనియు, తిరిగి చెల్లింపనక్కరలేని కానుకయనియు దాత వ్రాసి సంతకము చేయవలెననెను. “నా కొడుక్కి నేనిచ్చేదానికి సంతకం యాలప్పా?” అని నాయన ఫోనులో నొచ్చుకొనెను. అయినను ఆ యాంగ్లపత్రమును పొరుగింటి పిల్లవానిచేత చదివించుకొని, అర్థమైన పిదపనే, బడిలో నేర్చిన కన్నడ లిపిలో తన పేరు వ్రాసి పంపెను.

ఇక ప్రీ-అప్రూవల్ ఉత్తరములోని అంకె బ్యాంకు లెక్క. కారు వాయిదా అందులో చేరును. నాయన మందులకు, చెల్లెలి బిడ్డ చదువునకు మనము నెలనెలా పంపు సొమ్ము చేరదు. ప్రవాసులలో పలువురు ఇట్లు సొమ్ము పంపువారే గనుక, దానిని మనమే తీసివేసికొని, టెక్సాసులో ఏటేట పెరుగగల ఇంటిపన్నును, బీమాను తలచుకొని, అంతకు తక్కువ ధరలోనే ఇల్లు వెదకుట యుక్తమని నా నిశ్చితాభిప్రాయము. వడ్డీయు స్థిరమైనది గాదు: క్రొత్తగా తీసికొను ముప్పదియేండ్ల ఋణముపై సగటు వడ్డీ 2021 జనవరిలో 2.65 శాతమునకు దిగి, 2023 అక్టోబరులో 7.79 శాతమునకు ఎక్కెను. అనగా నాలుగు లక్షల డాలర్ల యప్పునకు నెలసరి వాయిదా సుమారు 1,610 డాలర్ల నుండి 2,880 డాలర్లకు పెరిగినట్లు. ఆ యుత్తరమునకు సాధారణముగా రెండు మూడు నెలలే ఆయువుండుటకు ఇదియు నొక కారణము.

ఇప్పుడు మా తమ్ముడు ఊరిలో ఇంటిస్థలము చూచుచున్నాడు. బయానా ఇయ్యకమునుపే పంచాయతి ఇచ్చు ఈ-స్వత్తు ఆస్తిపత్రములను అమ్మువానివద్ద తీసికొని, సండూరులోని బ్యాంకునకు పోయి, తనకెంత మంజూరగునో అడిగి రమ్మని వానికి చెప్పితిని. అమ్మువాడు తొందరపెట్టుచున్నాడట, పెట్టనిమ్మంటిని.